బొట్టు పెట్టి పిలిచిన ఆట

నాకు కోపం ఎక్కువ. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరినప్పటి నుంచి నేను అరవని మనిషంటూ లేడు. పిల్లల మీద అరిచాను, ప్రిన్సిపాల్ మీద అరిచాను, గ్రౌండులో కారు పెట్టిన వాళ్ళందరి మీదా అరిచాను. ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అరవడానికి నేను తప్ప ఎవరూ దొరకరు.

కాలేజీ రోజుల్లో నేను బాస్కెట్‌బాల్ ఆడాను, బాగా ఆడాను. తర్వాత ఆడపిల్లలకు నేర్పించాను. వాళ్ళు కూడా బాగా ఆడేవాళ్ళు, ఇరవై ఏళ్ళొచ్చేదాకా. ఆ తర్వాత ఒకతి మెడికల్ షాపులో కూర్చునేది, ఒకతి నర్సింగుకు పోయేది, ఒకతి చంకలో బిడ్డతో బజారులో కనబడి "బాగున్నరా మేడం" అనేది. టీవీలో కబడ్డీ ఆడే మగపిల్లలకు జీతాలున్నాయి, అభిమానులున్నారు. మా పిల్లలకు ఏం తక్కువ? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊర్లకు మూడు ఆడపిల్లల జట్లు, ఆడినన్నాళ్ళు నెల నెలా జీతం. ఇదీ నా పిచ్చి. స్టాఫ్ రూములో చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు.

నవ్వకుండా విన్నది ఒక్కడే, మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే పెద్దమనిషి. మొదటి ఏడాది మూడు జట్ల జీతాలూ తనే ఇస్తానన్నాడు.

"ఈ ఏడు నేనిస్తనమ్మా. వచ్చే ఏడు జనం ఇయ్యాలె. ధాన్యం రాకపోతే మోటరు ఎంత తిప్పినా బియ్యం పడయి గదా. ఆఖరి మ్యాచుకు టికెట్ పెట్టు, ఇరవై రూపాయలే. ఎంతమంది కొంటరో నేనే వచ్చి సూస్త. కొంటే ఇంకో మూడేండ్లు నడిపిద్దాం. కొనకపోతే ఇగ నన్ను అడగొద్దు."

న్యాయమైన మాట. నేను ఎగిరి గంతేశాను.

ఆ ఊపులోనే కోదాడకు పోయాను. గరిడేపల్లి పక్క పల్లెటూరి పిల్ల ఒకతి అక్కడ బట్టల షోరూములో చీరలు మడతపెట్టే పని చేసేది. నా చేతిలో పెరిగిన పిల్లల్లో అంత ఒడుపుగా బంతిని రింగులో వేసింది ఇంకొకతి లేదు. తండ్రి ట్రాక్టరు డ్రైవరు, తల్లికి నడుము నొప్పి, డిగ్రీ చదివే చెల్లె. ఇల్లు సగం ఈ పిల్ల జీతం మీదే నడిచేది.

"మానేస్తే మల్ల రానియ్యరు మేడం," అంది ఆ పిల్ల.

"ఎందుకు రావాలె మల్ల? నేను మాటిస్తున్న కదా బిడ్డా," అన్నాను.

నాలుక చీరేసుకోవాలి నేను. ఆ పిల్ల ఆ సాయంత్రమే పని మానేసింది.

ఆటలు మొదలయ్యాయి. కోదాడలో మొదటి మ్యాచుకు వచ్చింది ఆటగాళ్ళ అన్నదమ్ములు, పల్లీలమ్మే ఒకాయన, నీడ కోసం వచ్చి కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు. అందులో ఒకాయన సగం ఆట అయ్యాక "ఇది వాలీబాలేనా బిడ్డా, నెట్టు ఏది?" అని అడిగాడు. మిర్యాలగూడలో కుర్రాళ్ళు గోడెక్కి కూర్చుని ఆట వదిలేసి పిల్లల కాళ్ళు చూశారు. నేను కట్టె పట్టుకుని ఉరికిస్తే ఉన్న జనం కూడా పోయారు. పేపరులో ఫొటో పడింది, కింద "బాలికల క్రీడలు" అని రాశారు. ఇరవై రెండేళ్ళ పిల్ల, జీతం తీసుకుని ఆడే పిల్ల, బాలికట!

ఆఖరి మ్యాచ్ సూర్యాపేటలో, ఆదివారం నాలుగింటికి. వారం ముందు నాకు నిద్ర పట్టలేదు. జనాన్ని ఎట్లా రప్పించాలి? పోస్టర్లు అతికించాం, ఆటోకు మైకు కట్టి తిప్పాం. ఎవరూ తల తిప్పలేదు. అప్పుడు నా మట్టి బుర్రకు ఒక ఆలోచన వచ్చింది. మన దగ్గర ఆడవాళ్ళు పోస్టరు చూసి ఎక్కడికీ రారు. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే జ్వరమున్నా లేచి వస్తారు.

"కుంకుమ భరిణెలు పట్టుకోండి. ఇంటింటికీ పోయి, పెండ్లికి పిలిచినట్టు పిలువుండ్రి," అన్నాను పిల్లలతో.

పోయారు. సూర్యాపేట గల్లీలు, మునగాల, గరిడేపల్లి, బస్సు ఆగిన ప్రతి ఊరూ తిరిగారు. షోరూము మానేసిన పిల్ల అయితే నాట్లు వేసే వాళ్ళ దగ్గరికి గట్ల మీద నడిచి పోయి, బురద చేతుల వాళ్ళకు నుదుట బొట్టు పెట్టి వచ్చింది. "అందరు వస్తమన్నరు మేడం!" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల మొహం చూసి నేను కూడా నమ్మాను.

ఆదివారం రానే వచ్చింది. కోర్టు చుట్టూ రేకులు కట్టించి, ఒక గేటు పెట్టి, మా ఆయనను టికెట్ల పుస్తకంతో కూర్చోబెట్టాను. మూడున్నరకు ఆటోలు దిగడం మొదలైంది. అబ్బ, ఎంతమంది ఆడవాళ్ళు! తలలో పూలు, మడత విప్పిన కొత్త చీరలు, చంకలో పిల్లలు. ఒకామె ఆడే పిల్లలకని అరటిపండ్ల గెల తెచ్చింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గేటు దగ్గర మా ఆయన "ఇరవై రూపాయలమ్మా," అన్నాడు.

గెల తెచ్చినామె ఆగిపోయింది. "ఏంది? బొట్టు పెట్టి పిలిచి పైసలడుగుతరా?"

"టికెట్ అమ్మా, ఆటకు టికెట్ ఉంటది."

"పిలిచినప్పుడు చెప్పలే గదా. చుట్టాలను వాకిట్ల నిలబెట్టి పైసలడిగేది యాడ సూడలే. పాండ్రే, పోదాం!"

ఆమె వెనక్కి తిరిగింది. ఆమె వెనక పది మంది తిరిగారు. వాళ్ళ దగ్గర ఇరవై రూపాయలు లేక కాదు. ఆటోకు అంతకు రెండింతలు ఇచ్చి వచ్చారు. అవమానం అది. నేను లోపలికి చూశాను, కుర్చీలన్నీ ఖాళీ. షోరూము పిల్ల బంతి పట్టుకుని గేటు వైపే చూస్తోంది. ఇంకో ఐదు నిమిషాల్లో మిల్లు పెద్దమనిషి వస్తాడు.

"అయ్యో అక్కా, ఆయనకు తెల్వదు, మీరు మా ఇంటి మనుషులు, లోపలికి రాండ్రి!" అని ఉరికి, ఆమె చేతులు పట్టుకుని, గేటు బార్లా తీశాను. నేనే. ఈ చేతులతోనే.

కోర్టు నిండిపోయింది. ఆ ఆట ఎట్లా జరిగిందో చెప్పమంటే నాకు మాటలు రావు. మా పిల్ల దూరం నుంచి వేసిన బంతి రింగులో పడిన ప్రతిసారీ ఆడవాళ్ళు "మా బిడ్డ!" అని లేచి చప్పట్లు కొట్టారు. ఆట అయ్యాక వరుసగా వచ్చి, పెళ్ళిలో చదివింపులు ఇచ్చినట్టు, ఒక్కొక్క పిల్ల చేతిలో నోటు పెట్టారు. యాభై పెట్టిన వాళ్ళున్నారు, వంద పెట్టిన వాళ్ళున్నారు.

మిల్లు పెద్దమనిషి అంతా చూసి, నా దగ్గరికి వచ్చి టికెట్ల పుస్తకం అడిగాడు. ఒక్కటీ చిరగలేదు.

"సార్, ఇరవై అడిగితే వెనక్కి పోయిన్రు, అడగకపోతే వంద పెట్టిన్రు. మీరే చూసిన్రు కదా!" నా గొంతు నాకే ఏడుపులా వినబడింది.

"చూసిన్నమ్మా. అది ప్రేమ. రేపు వాళ్ళింట్ల పెండ్లయితే మీరు తిరిగి పెట్టాలె. ఆటకు పెట్టిన పైసలు గావవి." ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది. "ఒక్కసారి బొట్టు పెట్టకుండ ఆడించు. గప్పుడు ఎవరొస్తరో వాళ్ళే నీ జనం."

ఆ మాట పట్టుకుని ఇంకో ఆదివారం అడిగాను. ఒప్పుకున్నాడు. ఈసారి పోస్టర్లు, మైకు మాత్రమే. గేటు దగ్గర నేనే కూర్చున్నాను. నాలుగైంది, ఐదైంది. ఆరు టికెట్లు పోయాయి. ఆరూ ఆడే పిల్లల ఇంటివాళ్ళవే.

రెండు రోజులకు కూరగాయల మార్కెట్లో అరటిగెల ఆమె కనబడింది. ఆగలేకపోయాను. "అక్కా, మొన్న రాలేదేంది?" అని నిలదీశాను.

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీరు పిలవలే గదమ్మా! పిలవకుండ ఎట్లొస్తం?"

జీతాలు ఆగిపోయాయి. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పోయారు. షోరూము పిల్ల మాత్రం పది రోజులు వరుసగా ఆ కోర్టుకే వచ్చింది, ఒక్కతే ఆడుకుంది. పదకొండో రోజు బంతి కింద పెట్టి, "మేడం, చెల్లె ఫీజు గట్టాలె. షోరూములో మీరే ఒకసారి అడుగుతరా? నేనడిగితే తిడతడు," అంది. ఒక్క మాట కూడా నన్ను అనలేదు. తిట్టినా బాగుండేది.

అక్కడే నిలబడి కోదాడకు ఫోన్ చేశాను. జీవితంలో ఎవరి కాళ్ళూ పట్టుకోని దాన్ని ఆ యజమానిని బతిమాలాను.

"సరేనండి, మీరు ఇంతగా చెప్తున్నారు కాబట్టి రేపట్నుంచి రమ్మనండి," అన్నాడు. "కాకపోతే ఒక్క మాట. మళ్ళీ ఆ బంతాట అంటూ సెలవులు అడిగితే కుదరదు. ఆ పిల్ల తరఫున మీరు మాటిస్తారా?"

పిల్ల నా పక్కనే నిలబడి ఉంది. ఫోనులో మాట ఆమెకు కూడా వినబడుతోంది. నేను ఆమె మొహం వైపు చూడలేదు.

"అడగదండీ," అన్నాను.