బిళ్ల నంబరు మూడు వందల పదిహేడు

1993. భిలాయిలో ఖుర్సీపార్ బజారులో నాకు టైపు షాపు ఉండేది. ఉక్కు కర్మాగారంలో పనిచేసే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఇంగ్లీషు, హిందీ దరఖాస్తులు రాసిపెట్టేవాణ్ణి. పేజీ దాటిన దరఖాస్తును ఏ ఆఫీసరూ చదవడని నా నమ్మకం. జనం గంటసేపు చెప్పుకున్న గోడును పది వాక్యాలకు కుదించడమే నా పనితనమని గర్వపడేవాణ్ణి.

ఆ వానాకాలం సింహాచలం వచ్చాడు. కోక్ ఓవెన్స్‌లో, అంటే బొగ్గును కాల్చి కోక్ తయారుచేసే చోట, అతని పని. యాభై దాటాయి. సెక్టర్ 7 క్వార్టర్‌లో భార్య, కూతురు, తల్లి పైడమ్మతో ఉంటున్నాడు. చేతిలో ఏదో విదేశీ సైనిక రికార్డుల ఆఫీసు చిరునామా ఉంది.

“మా అయ్య యుద్ధంలో పోనాడు బాబూ. సిపాయి కాదు, కూలి,” అన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం నాడు అతని తండ్రి అప్పన్న విశాఖ వైపు మిలిటరీ విమానాలు దిగే మైదానంలో పెట్టెలు మోసేవాడు. ఒకరోజు సరుకు దించే పనికని అతన్ని కూడా సామాన్ల విమానంలో ఎక్కించుకుపోయారు. మళ్లీ రాలేదు. ఎవరూ కబురు చెయ్యలేదు. కలకత్తాలో వేరే కాపురం పెట్టాడని చెప్పి అత్తవారు పైడమ్మను చంటిబిడ్డతో సహా వెళ్లగొట్టారు. అప్పట్నుంచీ లోకానికి ఆమె మొగుడు వదిలేసిన మనిషి. ఇన్నేళ్లకు, ఆ రోజుల్లో ఆ మైదానం నుంచే లేచి కొండల్లో కూలిన ఒక విమానం ముక్కల్ని చూడటానికి దాని పైలట్ బంధువులు వచ్చారని సింహాచలానికి ఊరినుంచి కబురొచ్చింది. చిరునామా వాళ్లిచ్చిందే.

“సచ్చిపోనాడంటే ఏడుస్తాను, పారిపోనాడంటే నమ్మను అంతాది మా అమ్మ. ఆ ఇమానంలో మా అయ్య ఉన్నాడని ఒక్క కాయితం రప్పించు బాబూ.”

తండ్రి గురించి విన్నదంతా చెప్పాడు. ఎంత పొడుగో, ఎలా నవ్వేవాడో. మెడలో ఇత్తడి బిళ్ల ఉండేదట, దానిమీద మూడు వందల పదిహేడు. కూలి పంచేటప్పుడు ఆ అంకెనే కేకేసేవారు కాబట్టి, అక్షరం రాని పైడమ్మకు అది గుర్తుండిపోయింది.

“ఆ నంబరు కూడా ఎయ్యి.”

“అవన్నీ వాళ్లకెందుకండీ? పేరు, ఊరు చాలు,” అన్నాను. పది వాక్యాల్లో ముగించి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను.

అయిదు నెలలకు జవాబొచ్చింది. విమానంలోని నలుగురు సైనికుల పేర్లు, హోదాలు, వయసులు, సొంత ఊళ్లు, సమాధులున్న చోటు అన్నీ ఉన్నాయి. కింద ఒక వాక్యం: అయిదో వ్యక్తి స్థానిక కూలి, బిళ్ల సంఖ్య తప్ప పేరు నమోదు కాలేదు, మీరు ఆ సంఖ్య తెలపనందున ధ్రువీకరించలేము.

సింహాచలం నా వంక చూశాడు. “నంబరు సెప్పాను గదా బాబూ. రాయనేదేటి?”

“రాశానండీ. వాళ్లే చూసుకోలేదు.”

తడుముకోకుండా అబద్ధమాడాను. అతను సరే అన్నాడు. అప్పటికప్పుడే కూర్చుని నంబరుతో రెండో ఉత్తరం కొట్టాను.

దానికి జవాబు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఎండల్లో పైడమ్మ పోయింది. చివరి వారం కూడా కాగితం వచ్చిందా అని అడుగుతూనే ఉందట.

జవాబు తీసుకుని నేనే సెక్టర్ 7కి వెళ్లాను. అందులో ఉన్నదిది: అయిదో శవం మెడలోని బిళ్ల సంఖ్య మూడు వందల పదిహేడు. కొండ ఊరివాళ్లు అక్కడే పూడ్చిపెట్టారు. సింహాచలం రెండుసార్లు చదివించుకున్నాడు. అప్పుడిక ఆగలేక చెప్పేశాను.

“మొదటి ఉత్తరంలో నంబరు రాయంది నేనేనండీ.”

“తెలుసు బాబూ. నువ్వు మాకిచ్చిన కార్బన్ కాపీ మా పాప సదివింది. నంబరు నేదని అప్పుడే సెప్పీసింది.”

కార్బన్ కాపీ అంటే ఉత్తరం కింద మసికాగితం పెట్టి కొట్టే నకలు. రాయించుకున్నవాళ్లకు తప్పక ఇవ్వాలన్నది నా నియమమే.

“మరి అడగలేదేం?”

“రొండో ఉత్తరం నీ సేత రాయించాల గదా. తగువెట్టుకుంటే నా పని సెడతాది.” గొంతు పెంచలేదు. కాగితం మడిచాడు. “ఇప్పుడిది ఎవులికి సదివి ఇనిపించమంతావు?”

ఇంటి లోపల్నుంచి కూతురు నన్ను చూస్తూనే ఉంది గానీ, మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

ఆ తర్వాత పదేళ్లు షాపు నడిపాను. ఎవరి బతుకులో ఏది అనవసరమో తేల్చే హక్కు టైపు కొట్టేవాడికి లేదని తెలిసింది. అంతకన్నా చేదైనది ఇంకొకటి తెలిసింది: ఇంగ్లీషు రానివాడు మనమీద కోప్పడకపోతే అది క్షమించడం కాదు, గతిలేకపోవడం. కొండమీద ఆ నలుగురి పేరిట పైలట్ బంధువులు వేయించిన రాతిపలక మీద అప్పన్న పేరు కూడా చెక్కమని సింహాచలం మూడో ఉత్తరం రాయించాడు. పక్కవీధి షాపులో. దానికి జవాబొచ్చిందో లేదో అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.