పసుపు చాక్‌పీసులు

మొన్న మా వీధిలో ఉండే కొత్త పంతులమ్మ మిఠాయి పొట్లంతో వచ్చింది. వాళ్ల బడిలో ఏదో సభ అట. "సానుభూతి, గౌరవం, ఉపాధ్యాయుల నీతి మీద మీరు ఐదు నిమిషాలు మాట్లాడాలె మేడం. మీకంటె పెద్దోళ్లు ఈడ ఎవరున్నరు?" అంది. పెద్దదాన్నే, ఆ సంగతి మోకాళ్లు రోజూ చెబుతూనే ఉన్నాయి. మిఠాయి ఉంచుకుని, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించాను. నీతి మీద మాట్లాడకుండా తప్పించుకోవడానికి అబద్ధమాడిన ఘనత నాది. ఆ మాటలు వినగానే నాకు గట్టు బడి గుర్తొచ్చింది. ఆ తర్వాత మిఠాయి కూడా నోట పెట్టబుద్ధి కాలేదు.

తొంభైల మొదట్లో నా ఉద్యోగం గద్వాల దగ్గర గట్టు అనే ఊళ్లో. పుట్టిల్లు వనపర్తి, కాపురం గద్వాలలో. పొద్దున్నే బస్సెక్కి, ఇస్త్రీ చీర నలుగుతుందని నిలబడే ప్రయాణం చేసి, చివరికి దుమ్ము కొట్టుకుని దిగేదాన్ని. కొత్త ఉద్యోగం, కొత్త పొగరు. చేలను బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప, పత్తి పువ్వు ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు. నా ఆరో తరగతిలో ఒక పిల్ల ఉండేది, జొన్న కర్రలా సన్నగా. రోజూ ప్రార్థన అయిన అరగంటకు పరుగెత్తుకొచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, "లోపలికి రావాల్నా టీచర్?" అని గుమ్మంలో నిలబడేది. లెక్కల్లో మాత్రం దానికి సాటి లేదు. బోర్డు మీద నేను తప్పు చేస్తే లేచి చెప్పేది కాదు, కూర్చున్నచోటే కళ్లు చిట్లించేది. అది చూసి నేను గుట్టుగా దిద్దుకునేదాన్ని. నాకు ఆ పిల్లంటే ఇష్టమే. ఇష్టం ఉండి కూడా అంత పని చేశాను, అదీ నా గొప్ప.

ఒకరోజు చూస్తే డబ్బాలో పసుపు చాక్‌పీసులన్నీ మాయం. ఆ రోజుల్లో రంగు చాక్‌పీసులంటే మాకు బంగారంతో సమానం. "ఎవరు తీశారు?" అని నేను అరుస్తుండగానే ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది, చేతులు వెనక్కి పెట్టుకుని. "చేతులు చూపించు" అన్నాను. వేళ్లన్నిటికీ పసుపు పొడి. ఇంకేముంది, పట్టుకుపోయి ఇంటి గోడలన్నీ గీసి వచ్చిందనుకున్నాను. సంచి బోర్లించాను. ఒక పలక, రెండు పుస్తకాలు, బట్టలో చుట్టిన జొన్నరొట్టె. రొట్టె మట్టిలో పడింది. "నేను తియ్యలే టీచర్" అని ఒక్కసారే అంది. "చేతులే చెబుతుంటే ఇంక నోరెందుకు?" అన్నాను. తరగతంతా గొల్లున నవ్వింది. ఎంత బాగా అన్నానో అని లోలోపల మురిసిపోయాను కూడా, పాపిష్టిదాన్ని.

సాయంత్రం హెడ్మాస్టరు గారి గదికి వెళితే ఆయన గోడ మీద జిల్లా పటం గీస్తున్నారు, పసుపు చాక్‌పీసుతో. "నేనే తీసుకున్ననమ్మా, చెప్పుడు మర్శిన" అన్నారు. మరి ఆ పిల్ల వేళ్లకేమిటని అడిగితే నా వంక జాలిగా చూశారు. "పొద్దుగాల విత్తన పత్తి చేన్ల పువ్వుకు పువ్వు రుద్దుతదమ్మా. ఆ పుప్పొడి అది. చేన్ల పని జేసినంకనే బడి అని వాళ్ల నాయిన షర్తు పెట్టిండు. దానికి ఒప్పుకొని వస్తున్నది." ఊరందరికీ తెలిసిన సంగతి, నాకొక్కదానికే తెలియదు.

మర్నాడు తరగతిలో తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అక్కడితో ఊరుకోవలసింది. కానీ మంచితనం నెత్తికెక్కితే మనిషి ఆగుతుందా? వాళ్లింటికి వెళ్లి తల్లిదండ్రులకూ క్షమాపణ చెబుతానన్నాను. "పోవద్దమ్మా. టీచరు ఇంటికొచ్చిందంటే మంచికొచ్చిందని ఎవరూ అనుకోరు" అన్నారు హెడ్మాస్టరు గారు. ఈయనకేం తెలుసులే అనుకున్నాను.

ఆ సాయంత్రమే వెళ్లాను. వాళ్ల నాయన గొంగడి పరిచి, "కూసోండ్రి టీచరమ్మా" అని తాను మాత్రం నిలబడే ఉన్నాడు. చుట్టుపక్కలవాళ్లు వాకిట్లో మూగారు. "మీ పాప దొంగతనం చేయలేదు" అని మొదలుపెట్టాను. వాళ్లకు వినబడింది ఒక్క దొంగతనమే. పిల్ల ఇంట్లో అసలు ఏమీ చెప్పుకోలేదట. "ఏం లేంది టీచరమ్మ ఇంటిదాంక వస్తదా?" అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి అంది. వాళ్ల నాయన ముఖం నల్లబడింది. "తప్పయింది, కడుపుల పెట్టుకోండ్రి. రేపటిసంది పిల్ల బడికి రాదు, దినమంత చేన్లకే పోతది" అన్నాడు చేతులు జోడించి. తప్పు నాదయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "మా ఇజ్జత్ పోవద్దని గట్లంటున్రు. మాకు తెల్వదా?" అన్నాడు. పిల్ల తలుపు పక్కన నిలబడి నన్నే చూస్తోంది. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది.

తర్వాత మూడుసార్లు వెళ్లాను. వెళ్లినకొద్దీ పుకారు ముదిరింది. చివరికి ఆ పిల్ల తల్లే నన్ను పక్కకు పిలిచి, "ఇంక రాకుండ్రి టీచరమ్మా. రేపు దానికి లగ్గం గావాలె" అంది. మానుకున్నాను. అటెండెన్సు రిజిస్టరులో ఆ పేరు నా చేత్తోనే కొట్టేశాను.

ఏడెనిమిదేళ్ల తర్వాత, ఆత్మకూరు బస్సులో ఒకామె చంకలో బిడ్డతో లేచి, "కూసోండ్రి టీచర్" అని చోటిచ్చింది. ఆ పిల్లే. నేను నోరు తెరిచేలోపే వంగి నా కాళ్లు ముట్టుకుని, మెల్లగా అంది: "అప్పుడు తెలివి లేకుంట చాక్‌పీసులు తీసిన టీచర్. మాఫ్ చెయ్యుండ్రి."

"నువ్వు తీయలేదే తల్లీ! హెడ్మాస్టరు గారు తీశారు. అందరి ముందూ చెప్పాను కదే!" అని బస్సంతా తిరిగి చూసేలా అరిచాను. ఆమె నన్ను ఓదారుస్తున్నట్టు నవ్వింది. "మీరు మంచోళ్లు టీచర్, గందుకే గట్లంటరు" అని, బిడ్డను భుజాన వేసుకుని వాళ్ల ఊరి దగ్గర దిగిపోయింది.

కాలం గడిస్తే అన్నీ మరుపున పడతాయంటారు. నిజమే, ఆ పిల్ల మరిచిపోయింది. తాను తీయలేదన్న సంగతే మరిచిపోయింది.