వట్టి క్లిక్కులు

లాండ్రీలో అందరూ అతన్ని కెమెరా అన్న అనేవారు. యాభై దాటిన మనిషిని ఇరవై ఏళ్ళ పిల్లలు కూడా అన్న అనడం కాస్త ఎక్కువే గానీ, ఆ పిలుపు అతనికి నచ్చింది. ఆసుపత్రుల దుప్పట్లూ, డాక్టర్ల కోట్లూ ఉతికే పెద్ద లాండ్రీ అది. అక్కడ పనిచేసేవాళ్ళను ఏడాది పాటు ఫొటోలు తీసి పుస్తకం వెయ్యాలని అతని సంకల్పం. పేరున్నవాళ్ళను తీసేవాళ్ళు కోకొల్లలు, రోగి కింద పరిచే దుప్పటిని తెల్లగా ఉంచేవాళ్ళను ఎవరు తీస్తారు అనేవాడు. మాట బాగానే ఉంది. మనిషీ మంచివాడే. కాకపోతే తన పద్ధతి మీద అతనికి మోజు కొంచెం ఎక్కువ.

ఆ పద్ధతి వాళ్ళ నాన్న మీద కోపంతో పుట్టింది. నాన్నకు ఫొటో స్టూడియో ఉండేది. "గడ్డం ఎత్తు, ఊపిరి బిగబట్టు, కదిలావో మళ్ళీ మొదటికొస్తుంది" అని ఆ పెద్దాయన గదమాయిస్తుంటే, నవ్వుతూ లోపలికొచ్చినవాళ్ళు కూడా కొయ్యబారిపోయేవారు. చూస్తున్న కొడుక్కి ఒళ్ళు మండేది. తను తీసే ఫొటోల్లో ఎవరూ అలా బిగుసుకుపోకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకని ఎక్కడికి వెళ్ళినా మొదటి నెల అతను కెమెరాలో ఫొటోలు నిలిచే మెమరీ కార్డు పెట్టడు. ఖాళీ కెమెరా మెళ్ళో వేసుకుని టకటకా నొక్కుతూ తిరుగుతాడు. మొదట్లో జనం జుట్టు సవరించుకుంటారు, లేని నవ్వు తెచ్చిపెట్టుకుంటారు. పోను పోను వాళ్ళకే విసుగొచ్చి కెమెరాను మూలనున్న బకెట్టును చూసినట్టు చూస్తారు. అప్పుడు కార్డు పెడతాడు. "నెల తిరిగేసరికి పోజులన్నీ అయిపోతాయి, మనిషి మిగులుతాడు" అని తన దగ్గర నేర్చుకునేవాళ్ళకు చెబితే వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. "అంటే నెల్లాళ్ళు ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతారన్నమాట" అని భార్య ఆటపట్టిస్తే నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ లాండ్రీలో అందరికంటే పెద్దావిడ మడతలక్క. దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరోవైపు కొసలు పట్టుకుని విదిల్చి, ఎదురెదురుగా నడిచొచ్చి కలుస్తారు. మడతలక్క చెయ్యి పడితే దుప్పటి మీద ముడత ఉండేది కాదు. ఆ ముడతలన్నీ వచ్చి ఆవిడ ముఖం మీద చేరాయని తోటివాళ్ళ వెక్కిరింత. ఎప్పుడు చూసినా ముఖం గంటు పెట్టుకునే ఉండేది. అలాంటి మనిషి, మొదటి నెల నిండబోతుండగా ఒకరోజు కిటికీ పక్కన, దుప్పటి కొసలు చేతుల్లో ఉండగానే, అతని వైపు తిరిగి ఏదో అని పకపకా నవ్వింది. కెమెరా అన్న నాలుగైదు సార్లు నొక్కాడు. లోపల కార్డు లేదు. అయ్యో అనుకున్నాడు. ఇంకా ఏడాదంతా ఉందిగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆ వారమే, సెలవు రోజున, ఆవిడ ఇంట్లో ఉన్నపళంగా కుప్పకూలి చనిపోయింది.

కొన్నాళ్ళకు తల్లి చెప్పులూ, స్వెట్టరూ పట్టుకెళ్ళడానికి కూతురొచ్చింది. మందుల షాపులో పనిచేసే అమ్మాయి. సరాసరి అతని దగ్గరికొచ్చింది.

"సార్, మా అమ్మ నవ్వుతుంటే ఫొటో తీశారట కదా, అందరూ చెబుతున్నారు. మా ఇంట్లో ఉన్నవన్నీ గుర్తింపు కార్డు కోసం దిగినవే. ఆ ఒక్కటీ ఇవ్వండి సార్."

అతను వెతికి చెబుతానన్నాడు.

ఇంటికెళ్ళి, కార్డు పాడైపోయిందని చెప్పేస్తానన్నాడు భార్యతో. అబద్ధం చక్కగా అమిరింది. తప్పు యంత్రం మీదికి పోతుంది. నిజం చెబితే లాండ్రీలో ఇంక ఎవరూ గడప తొక్కనివ్వరు, పుస్తకం అటకెక్కుతుంది. భార్య అంతా విని, "ఆ పిల్ల ముఖం చూసి చెప్పగలరా?" అంది.

చెప్పలేకపోయాడు. మందుల షాపు ముందు జనం పలచబడేదాకా తచ్చాడి, లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మాత్రల పట్టీ కత్తిరిస్తున్న ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

"అంటే మా అమ్మ మిమ్మల్ని నమ్మి నవ్వితే, మీరు ఉత్తుత్తినే తీశారా?"

"అదొక పద్ధతమ్మా..."

"పోనీ, ఫొటో లేదు. మీరైతే చూశారుగా. అదైనా చెప్పండి."

అది అతనికి వచ్చిన పని. ఎడమవైపు కిటికీలోంచి పడ్డ వెలుగు, ఏటవాలుగా సాగిన దుప్పటి, వెనకాల కమ్ముకున్న ఆవిరి, వెనక్కి వాలిన ఆవిడ తల, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పుకొచ్చాడు. ఆ అమ్మాయి చివరిదాకా విని, "అప్పుడు ఏమంది సార్?" అని అడిగింది.

గుర్తులేదని చెప్పబోయి ఆగాడు. గుర్తు లేకపోవడం కాదు, అసలు వినలేదు. ఆవిడ పెదాలు కదలడం చూశాడు, ఎప్పుడు నొక్కాలా అని చూశాడు, అంతే. నెల్లాళ్ళు ఆ మనిషి ఎదుట తిరిగాడు. ఆవిడ గొంతు ఎలా ఉండేదో కూడా చెప్పలేడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయి మళ్ళీ కత్తెర అందుకుంది.

మర్నాడు కెమెరా లేకుండా లాండ్రీకి వెళ్ళాడు. మడత బల్లల మధ్య నిలబడి అందరికీ జరిగింది చెప్పాడు. ఒకామె "నెలంతా మమ్మల్ని వెర్రివాళ్ళను చేశావా?" అని లేచింది. ఇస్త్రీ దగ్గరున్న కుర్రాడు "నేను కొత్త చొక్కా కూడా వేసుకొచ్చానే!" అని లబోదిబోమన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇంక ఫొటోలూ వద్దు, పుస్తకమూ వద్దని సూపర్‌వైజరమ్మ తేల్చి చెప్పింది. అతను మడతలక్కకు జతగా దుప్పట్లు పట్టినామె దగ్గరికెళ్ళి, ఆ రోజు అక్క ఏమందని అడిగాడు.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"'ఈ ఫొటో మా అమ్మాయికి చూపించు తమ్ముడూ, నాకు నవ్వడమే రాదంటుంది అది' అంది. నీతోనేగా అంది! నువ్వు అలాగేనని తలూపావు కూడా."

అక్కణ్ణుంచి తిన్నగా మందుల షాపుకొచ్చాడు. ఈసారి జనం పలచబడేదాకా ఆగలేదు. వరసలో నిలబడి, తన వంతు రాగానే ఆ మాట పొల్లుపోకుండా చెప్పాడు. తను తలూపిన సంగతీ దాచలేదు.

ఆ అమ్మాయి చూపు కౌంటర్ మీదికి దించుకుంది.

"నేనే అన్నాను సార్. మాటామాటా పెరిగి ఒకసారి అన్నాను. అది మనసులో పెట్టుకుందా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక నిలబడ్డాయన మందుల చీటీ ముందుకు చాపి తొందరపెట్టాడు. ఆమె చీటీ అందుకోలేదు.

"మళ్ళీ ఒకసారి చెప్పండి సార్. అమ్మ అన్నట్టే చెప్పండి."

అతను మళ్ళీ చెప్పాడు.