గీత ముందు ఆగిన బండి

ఖమ్మంలో జరిగిన బడి పిల్లల రోబోల పోటీలో ఆ ఏడు తనిఖీ నాది. మాకు వ్యవసాయ మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. రెండు తీగలు తగిలాయంటే మోటారు కాలినట్టేనని చూస్తూ పెరిగాను. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే రోజుల్లోనూ ఆ భయం నన్ను వదల్లేదు.

చర్ల వైపు అడవిలోని హాస్టల్ బడి నుంచి ముగ్గురమ్మాయిలు వచ్చారు. విజిల్ పడగానే తెల్ల గీత దాటకుండా బండిని ఆపడమే పోటీ. వాళ్ల బండి గీత ముందు టక్కున నిలిచింది. మిగతా బళ్లన్నీ గీత దాటి దొర్లిపోయాయి. నిబంధన ఏమిటంటే, విజిల్ తర్వాత బ్యాటరీ కరెంటు మోటారుకు అందకూడదు, చక్రానికి ఏదీ అడ్డుపెట్టకూడదు. మూత తీయించి చూశాను. ఆపే స్విచ్చు నొక్కితే మోటారు తీగలు రెండూ ఒకదానికొకటి కలుస్తున్నాయి.

"ఏందమ్మా ఇది? షార్ట్ చేసిన్రు గదా!"

"కాదు సార్. ముందు బ్యాటరీ తెగుతది, తర్వాతనే తీగలు కలుస్తయ్. తిరిగే మోటారే కరెంటు పుట్టిస్తది, గదే దాన్ని ఆపుతది," అంది వాళ్లలో పెద్దపిల్ల.

"నాకే పాఠం చెప్తున్నవా?"

"అడవిల కరెంటే ఉండదు, గీళ్లు పుట్టిస్తరంట!" అన్నాడు పక్క జట్టువాడు. అందరూ నవ్వారు. నేను వాణ్ణి ఏమీ అనలేదు. షార్ట్ చేయడమంటే నిబంధన తప్పడమేనని చెప్పి వాళ్లను పోటీ నుంచి తీసేశాను.

ఆ వారమే ల్యాబులో ఒక చిన్న మోటారు తీసుకున్నాను. తీగలు విడిగా ఉన్నప్పుడు ఇరుసు వేళ్లతో తేలిగ్గా తిరిగింది. కలిపి తిప్పితే బురదలో తిప్పినట్టు బరువెక్కింది. బ్యాటరీ అసలు దాని దగ్గరే లేదు. ఆ పిల్ల చెప్పిందే నిజం. ఫలితాలు ఇచ్చేశారు కదా, ఇప్పుడెందుకులే అని ఊరుకున్నాను.

మరుసటి ఏడు ఆ బడి పోటీకి రాలేదు. వాళ్ల సైన్సు టీచరుకు ఫోన్ చేశాను.

"దొంగాట ఆడిన్రని పేరు పడ్డది సార్. మా హెడ్ మేడమ్ పంపనన్నది."

చర్ల వెళ్లాను. ముగ్గురినీ పిలిపించి, తప్పు నాదేనని చెప్పాను.

"గది మాకు అప్పుడే తెల్సు సార్," అంది పెద్దపిల్ల. "మాకెందుకు, మేడమ్‌కు చెప్పున్రి."

వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి హెడ్ మేడమ్‌కు చెప్పాను. ఆమె అంతా విని, "ఈ మాట నిరుడు చెప్తే ఏమాయె సార్?" అంది.

ఫలితం సరిచేయమని నిర్వాహకులకు రాశాను, సరిచేశారు. చిన్నవాళ్లిద్దరికీ వచ్చే ఏడు పోటీ ఉంది. పెద్దపిల్ల అప్పటికే పదో తరగతి.