చిలక్కొయ్యకెక్కని లంగోటు

మొన్న ఆత్మకూరు బస్సు కోసం వనపర్తి బస్టాండు పక్క హోటల్లో కూచుని చాయ్ తాగుతుంటే, గోడమీది టీవీలో కుస్తీలు వస్తున్నాయి. కుస్తీలంటే మట్టిలో పట్టేవి కావు. నాలుగు పక్కలా తాళ్లు కట్టి, రంగు దీపాలు పెట్టి, ఒకరినొకరు కుర్చీలతో బాదుకునేవి. అందులో నల్ల ముసుగు వేసుకున్న ఒకాయన చేతులు చాచుకుంటూ వచ్చాడు. కింద ‘జంగ్లీ తూఫాన్’ అని పేరు పడింది. ఆ ముసుగు మా చిన్నమామది, ఆ పేరూ ఆయనదే. మనిషి మాత్రం ఆయన కాదు. మా అమ్మకు ఆఖరి తమ్ముడైన చిన్నమామ ఆత్మకూరులో తన ఇంట్లోనే ఉన్నాడు. ఒకసారి వచ్చిపొమ్మని పొద్దున్నే నాకు ఫోన్ చేసింది ఆయనే. తన పేరు పెట్టుకుని ఇంకొకడు దేశం తిరుగుతుంటే ఇంట్లో ఊరికే కూచున్న మనిషి సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. నా ఎదురుగా ఉన్నాయన పూరీల మీద ధ్యాస పెట్టి ఉన్నాడు, చెప్పినా వినేటట్టు లేడు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

చిన్నమామకూ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. సెలవులకు ఆత్మకూరు పోతే మా అవ్వ, అంటే అమ్మ తల్లి, నన్ను ఆయనకే ఇచ్చి చేస్తానని ఆటపట్టించేది. ఆ మాట చెవిన పడగానే ఆయన తాలీంలోకి పారిపోయేవాడు. తాలీం అంటే పహిల్వాన్లు కసరత్తు చేసే చోటు. రేకుల కప్పు, మధ్యలో మెత్తటి ఎర్రమట్టి గుంత, గోడకు ఆంజనేయస్వామి పటం, ఆ పటం కింద ఒక చిలక్కొయ్య. మట్టిలో నూనె, మజ్జిగ, పసుపు పోసి తిరగేసేవాళ్లు. ఆ వాసన సగం ఊరగాయ జాడీ, సగం గుడి. ఆడపిల్లలు లోపలికి పోకూడదు గనుక నేను పిట్టగోడ మీద కూచుని కాళ్లూపుకుంటూ చూసేదాన్ని. అప్పట్లో ఎంత కోపమో. ఆ కోపం ఇప్పటికీ కొంచెం ఉంది.

ఆ తాలీంలో కుస్తీ మొదలుపెట్టడానికే కాదు, మానేయడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. ఇక చాలనుకున్న పహిల్వాన్ చేతిలో శిష్యుడు గుప్పెడు మట్టి పెట్టాలి. మట్టి పుచ్చుకుంటే కుస్తీకి ఒప్పుకున్నట్టే. ఇద్దరూ ఆఖరి కుస్తీ పట్టాక, గెలిచినా ఓడినా, పెద్దాయన తన లంగోటును ఆ చిలక్కొయ్యకు తగిలిస్తాడు. ఇక అతను మామూలు మనిషి. పొద్దెక్కి లేచినా, కల్లు తాగినా అడిగేవాడుండడు. ఆ తంతు జరగనంతవరకు పళ్లూడినా పహిల్వానే. చిన్నమామ తన ఉస్తాదును వెల్లకిలా పడేసిన రోజు నేను గోడమీదే ఉన్నాను. ఆ పెద్దాయన మట్టిలో పడుకునే కడుపు పట్టుకుని నవ్వాడు. “ఇగ తాలీం నీదిర,” అన్నాడు. ఓడిపోయి అంత సంతోషంగా నవ్విన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తర్వాత కొన్నేళ్లకు, ఒక జాతర కుస్తీలో చిన్నమామ వెండి కడెం గెలిచినప్పుడు, పట్నం నుంచి వచ్చిన ఒక కంపెనీ వాళ్ల కన్ను ఆయన మీద పడింది. టీవీ కుస్తీలన్నారు, కాగితాలు ముందు పెట్టారు, ఆయన సంతకం చేశాడు. ఇంగ్లీషు రాక చదవలేదని తర్వాత అందరూ అన్నారుగానీ అసలు సంగతి అది కాదు. చదవాల్సిన పనే లేదనుకున్నాడు. మా వైపు జీతానికి కుదిరిన మనిషి లెక్క ఉగాది నుంచి ఉగాదికి. పండుగ నాడు ఆసామి కొత్త బట్టలు పెట్టి, ఉంటావా పోతావా అని అడుగుతాడు. ఉండదలచినవాడు ఉంటాడు, లేనివాడు మూట సర్దుకుంటాడు. లోకమంతా ఇదే పద్ధతి నడుస్తుందని చిన్నమామ నమ్మకం.

కంపెనీ ఆయనకు ముసుగు వేసింది, పేరు పెట్టింది, ఏ రోజు ఎవరి చేతిలో ఓడాలో ముందే చెప్పింది. దెబ్బలకు ఆయన భయపడలేదు. చెప్పినప్పుడు పడిపోవడమే చేతకాలేదు. టీవీ ముందు కూచున్న అవ్వ, కొడుకు పడినప్పుడల్లా, “వాడు పడలే, పండుకున్నడు,” అని అందరికీ సర్ది చెప్పేది. అది నిజమే గనుక మేమెవరం నవ్వలేదు.

ఆ ఉగాదికి ఆయన సంచీ సర్దుకుని వచ్చేశాడు. భక్ష్యాలు కడుపునిండా తిన్నాడు, సాయంత్రం తాలీంలో మట్టి తిరగేశాడు. పండుగ వెళ్లిన కొద్దిరోజులకు కంపెనీ మేనేజరు కారేసుకుని వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, అవ్వ ఇచ్చిన మజ్జిగ కూడా తాగాడు.

“ఉగాది అయిపాయె గద సార్. నేను రాను,” అన్నాడు చిన్నమామ.

“ఉగాదేంది పహిల్వాన్? అయిదేండ్లకు రాసిచ్చినవు.”

“అట్లయితే అయిదేండ్లు ఇంటికాడ్నే కూసుంట.”

“ఇంటికాడ కూసున్న దినాలు లెక్కలకు రావు. ఎన్ని దినాలు కూసుంటే గన్ని ఆ అయిదేండ్ల ఎనుక కలుస్తయి. గందాక నువ్వు యాడ కుస్తీ పట్టొద్దు. జాతరల గూడ.”

కాగితం నేను చదివాను. అతను చెప్పింది అబద్ధం కాదు. నాగర్‌కర్నూలులో ఒక వకీలుకు చూపిస్తే, ఇలాంటి షరతు కోర్టులో నిలవకపోవచ్చు, కానీ తేలేసరికి ఎన్నేళ్లు పడుతుందో తను చెప్పలేనన్నాడు. తిరుగు బస్సు దిగేటప్పుడు చిన్నమామ, “రానంటి గద. రాను,” అన్నాడు.

అట్లా కూచున్నాడు. ఒకసారి బడిపిల్లలకు రెండు పట్లు చూపిస్తే ఎవరో ఫోన్లో వీడియో తీసి పెట్టారు; ఆ వెంటనే కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. అప్పటినుంచి తాలీంలో ఉన్నంతసేపూ చేతులు చంకల్లో పెట్టుకుని ఉండేవాడు. ఆయన చేత తయారైన పెద్ద శిష్యుడొకడు ఉండేవాడు, వడ్డేపల్లి వైపు మనిషి, ఎద్దులాంటివాడు. ఒక జాతరలో, ఇట్లా చేతులు ముడుచుకుని ఉండే బదులు ఉస్తాదు మర్యాదగా మానేస్తే మేలనుకున్నాడో ఏమో, గుప్పిట్లో మట్టి తీసుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు. జనమంతా చూస్తున్నారు. చిన్నమామ చేతులు చంకల్లోంచి రాలేదు. శిష్యుడు చాలాసేపు నిలబడి, మట్టి కింద వదిలేసి, తల దించుకుని పోయాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్ల గుంపులో ఉండి ఏడ్చాను గనుక ఎవరూ కారణమడగలేదు.

తర్వాత తాలీం ఒక్కొక్కరే ఖాళీ చేశారు. కొందరు పట్నానికి, కొందరు పనులకు. అవ్వ పోయింది. చిన్నమామకు కుస్తీ కొనసాగించే హక్కు లేదు, మానేసే వీలూ లేదు. ఆయన పెళ్లికి కూడా, ఇది తెగనీ, అంటూ వాయిదాలు వేశాడు. ఫోన్ చేస్తే వానల గురించీ బర్రె గురించీ మాట్లాడేవాడు. అటువైపు ఫ్యాను చప్పుడు వినబడేది.

మొన్న బస్సు దిగి నేను ఆయన ఇంటికి పోయేసరికి ఆయన తాలీంలో గడ్డపారతో ఉన్నాడు. మట్టి రాయిలా గట్టిపడి పెళ్లలుగా లేస్తోంది. కంపెనీ నుంచి మెసేజి వచ్చిందని ఫోన్ చూపించాడు: ఒప్పందం రద్దు, ఇక ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు. ముసుగుకు కొత్త మనిషి దొరికాడు గనుక పాతవాడిని పట్టుకుని లాభం లేదని అర్థమైంది. హోటల్లో చూసింది నేను చెప్పలేదు. ఆయనకూ తెలిసే ఉంటుంది.

“వాన్కి ఫోన్ కొట్టిన,” అన్నాడు శిష్యుడి గురించి. పుణెలో ఏదో కట్టుబడి పనిలో ఉన్నాడట. “‘ఉస్తాద్, అప్పుడు మట్టి పట్కొని నిలవడితి, మీరు తీస్కోకపోతిరి. ఇప్పుడు నాకు పట్లే యాదికి లేవు,’ అన్నడు.”

నేను అలవాటుగా గోడ దగ్గరే ఆగిపోయాను.

“లోపట్కి రా బిడ్డా.”

“ఆడోళ్లు రావద్దు గద మామా.”

“వద్దనెటోడు ఎవడున్నడు?”

చెప్పులు విడిచి గుంతలోకి దిగాను. ఎన్నేళ్లు ఎదురుచూసిన చోటు, ఎవరూ లేనప్పుడు దొరికింది. గుప్పెడు మట్టి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. దాన్ని నుదుటికద్దుకుని, నా చేయి తన భుజం మీద వేయించుకుని, నొప్పెట్టే మోకాలు పట్టుకుంటూ మెల్లగా కూచుని, ఆ పెళ్లల మీద వెల్లకిలా పడుకున్నాడు. తన ఉస్తాదులాగా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“గిది లెక్కల వస్తదంటవా?” అన్నాడు రేకుల వైపు చూస్తూ.

“వస్తది మామా,” అన్నాను. ఆయన లేచి, గోడవారన మడతపెట్టి ఉంచిన తన లంగోటును చిలక్కొయ్య దాకా తీసుకుపోయి, ఇది కుస్తీ కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, తగిలించకుండానే భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఇంట్లో కూచున్న రోజులు లెక్కలోకి రావన్నది కంపెనీ. ఆయన మోకాలూ, శిష్యుడి వయసూ, నెరిసిన నా తలవెంట్రుకలూ మాత్రం ఒక్క రోజునూ వదిలిపెట్టకుండా లెక్కలో వేసుకున్నాయి.