హ్యాంక్ గారి మైదానం మీద నా రోలర్

మొన్న మేముండే కాపెల్‌లో మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడే చోట పొద్దున్నే నీళ్ళు చల్లారు. ఎండిన ఎర్రమట్టి తడిసిన వాసన రాగానే హ్యాంక్ గారు గుర్తొచ్చారు. ఎమ్మెస్ చదివే రోజుల్లో కాలేజీ బేస్‌బాల్ మైదానంలో పార్ట్‌టైమ్ ఉద్యోగానికి చేరితే, నాకు పని నేర్పింది ఆయనే. డెబ్బై దాటిన మనిషి. ఆయన చదివిందీ ఆ కాలేజీలోనే. టీమ్‌లో ఉన్న నాలుగేళ్ళూ బెంచీ మీదే కూర్చున్నానని తనే నవ్వుతూ చెప్పేవారు. ట్రాక్టర్ల వ్యాపారంలో సంపాదించింది ఆ మైదానానికే ఇచ్చారు. అది చాలదన్నట్టు రోజూ వచ్చి మాతోపాటు మట్టి సాపు చేసేవారు. అందుకే మైదానానికి ఆయన పేరు పెట్టాలని కాలేజీవాళ్ళు నిర్ణయించారు.

వేడుక ముందురోజు ఆయన వేరే ఊరు వెళ్తూ, "పైమట్టి గుల్లగా ఉండేలా రేక్‌తో గీరు," అని చెప్పారు. నేనేమో గుంటూరులో కాలేజీ క్రికెట్ కెప్టెన్ని! నేల గట్టిగా, నున్నగా ఉండాలి గానీ గుల్లగా ఏమిటి, పెద్దాయన చాదస్తం కాకపోతే, అనుకున్నాను. నీళ్ళు కొట్టి, ఆటగాళ్ళు పరిగెత్తే బేస్‌ల మధ్య మట్టి మీద బరువైన రోలర్ నాలుగుసార్లు నడిపాను. సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే, "అయిపోయింది సార్," అన్నాను దర్జాగా.

మర్నాడు పొద్దున ఆయన కొత్త సూట్‌లో వచ్చి, బూటు మడమతో నేలను తట్టి చూశారు. ఒక బంతిని నేలకేసి కొట్టారు. అది నా చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

"ఇలా లేచిందంటే ఆడేవాళ్ళ పళ్ళు రాలతాయి. రోలర్ నడిపిందెవరు?"

"నేనే సార్. క్రికెట్‌లో..." సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

"గట్టి చేసింది నువ్వేగా, గుల్ల చేసేదీ నువ్వే. మధ్యాహ్నం ఆట ఉంది. పద."

మేకులు దిగ్గొట్టిన పలకని చిన్న ట్రాక్టర్‌కి కట్టి లాగాం. తర్వాత ఇనప పళ్ళున్న రేక్‌లు పట్టుకున్నాం. ఆయన సూట్‌తోనే మోకాళ్ళ మీద కూర్చుని, జానెడు జానెడు తడిమి చూశారు. అతిథులొచ్చారు. మైకులో ఆయన పేరు రెండుసార్లు పిలిచారు. చివరికి కోచ్ పరిగెత్తుకొచ్చాడు.

"హ్యాంక్, అందరూ మీకోసమే చూస్తున్నారు. ఫీల్డ్ రెడీయేనా?"

"ఇతన్ని అడుగు. ఇది ఇతని పని," అన్నారాయన నన్ను చూపిస్తూ.

అమ్మో! గ్యాలరీ నిండా జనం. అయిపోయిందనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పెద్దవాళ్ళు అడిగితే కాలేదని చెప్పడం మనకెక్కడ అలవాటు? కానీ మూడో బేస్ దగ్గర రెండు గజాల నేల ఇంకా రాయిలాగే ఉంది.

"ఇంకా కాలేదు. పది నిమిషాలు కావాలి," అన్నాను. 

కోచ్ మొహం మాడ్చుకున్నాడు. హ్యాంక్ గారు మాత్రం, "విన్నావుగా, పది నిమిషాలు," అని కోటు విప్పి అతని చేతిలో పెట్టి, మళ్ళీ రేక్ అందుకున్నారు. పని పూర్తయ్యాక, ఆ మట్టి ప్యాంటుతోనే వెళ్ళి తన పేరున్న బోర్డు మీది తెర లాగారు. 

ఇప్పుడు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ రోజున మేనేజర్లు గడియారం చూసుకుంటూ నా చుట్టూ నిలబడతారు. కాలేదని చెప్పినందుకు ఒకసారి నన్ను ప్రాజెక్టులోంచే తీసేశారు. ఇంటికొచ్చి చాలా బాధపడ్డాను కూడా. అయినా సరే, కానిదాన్ని అయిందని మాత్రం చెప్పను.