సగం లాగి ఆగే తలుపు

మా షెడ్డులో కళ్ళు మూసుకుని నిలబడి, ఏ మిషన్ మీద ఎవరున్నారో చెప్పగలిగేవాణ్ణి. అదేమంత గొప్ప విద్య కాదు. తాడేపల్లిగూడెం శివార్లలో చేపల ట్రేలు, బకెట్లు పోసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ మాది. అచ్చు ఎక్కించడం, వేడీ ఒత్తిడీ కుదర్చడం, ట్రే సరిగ్గా వచ్చేదాకా మిషన్‌తో కుస్తీ పట్టడం నా పని. సెట్టర్ అంటారు. నేను కుదిర్చాక ఆపరేటర్లు నడుపుతారు. అచ్చు విడగానే తలుపు తీసి, వేడి ట్రే బయటికి లాగి, మళ్ళీ తలుపు వేయాలి. అది పడితేనే మిషన్ కదులుతుంది. అందుకని మోత మిషన్‌దే అయినా నడక మాత్రం తలుపు వేసే మనిషిది.

ఒక్కొక్కరిది ఒక్కో చప్పుడు. కొందరు ఇంట్లో అత్తగారి మీద కోపమంతా ఆ తలుపు మీదే తీర్చుకునేవారు. "నెమ్మదిగా వేయండమ్మా, అది మీకేం అన్యాయం చేసింది?" అని అరుస్తూనే ఉండేవాణ్ణి. నా నోరు మంచిది కాదని షెడ్డంతా అనుకునేవారు. నిజమే, మంచిది కాదు.

పెంటపాడు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం తలుపు సగం దాకా లాగి ఆగేది. లోపలికి తొంగి చూసి, అప్పుడు పూర్తిగా వేసేది. మొదటిరోజే వెళ్ళి విసుక్కున్నాను.

"ఏంటమ్మా మధ్యలో ఆ ఆగడం?"

"లోపల ముక్కేవన్నా ఉండిపోయిందేమోనని చూత్తన్నానండి. చూసుకోకుండా ఏసేత్తే అచ్చు నలిగిపోద్ది కదండీ. అప్పుడూ మీరే తిడతారు" అంది, చేతులు ఆపకుండానే.

ఏలూరు ఐటీఐలో చదువుకున్నప్పటి నుంచీ అచ్చుల మధ్యే బతుకుతున్నాను, అచ్చు మీద అంత దయ ఉన్న మనిషిని చూడలేదు. ఆ తర్వాత ఆ మిషన్‌కి లేని రోగాలన్నీ అంటగట్టి, స్పానర్ పట్టుకుని రోజూ అక్కడే తచ్చాడేవాణ్ణి. "ఏవండీ సెట్టరు గారండీ, దానికింకా జొరం తగ్గలేదాండీ?" అని మిగతా ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు.

మా ఇద్దరికీ పెళ్ళయ్యాక ఇంటి దగ్గరా ఆమెది అంతే. కొల్లేటి లంకలో మా అమ్మ దగ్గరికి బయల్దేరామంటే, బస్సు పోతుందని నేను వీధిలో చిందులు తొక్కుతుంటే, ఆమె తలుపు సగం లాగి ఆగేది. పొయ్యి ఆపానా, ఫ్యాను కట్టేశానా అని లోపలికి చూసేది.

"ఇల్లేమైనా అచ్చా?" అనేవాణ్ణి.

"అంతకంటే ఎక్కువేనండీ" అనేది.

అది అద్దె ఇల్లు. మాదంటూ మొదలుపెట్టిన ఇల్లు గోడల దగ్గరే ఆగిపోయింది. స్లాబు పడాలంటే ఎవరో ఒకరం గల్ఫ్ వెళ్ళాలి. మా వైపు ఆ ఎవరో ఒకరు చాలావరకూ ఆడవాళ్ళే. ఇళ్ళల్లో పనికి పిలుపు వాళ్ళకే వస్తుంది. మస్కట్ ప్రయాణం రోజు ఆమె తలుపు సగం లాగి, ఆ సందులోంచి చాలాసేపు లోపలికి చూసింది. "రెండేళ్ళు ఎంతలో అయిపోతాయండీ" అంది. ఆ ఒక్కరోజు నేను తొందరపెట్టలేదు.

ఆమె వెళ్ళాక ఆ మిషన్‌ని ఆటోమేటిక్‌లో పెట్టమన్నారు. పెట్టింది నేనే. ఇప్పుడు ట్రే దానంతటది కిందికి జారిపోతుంది, జారిందో లేదో సెన్సర్ చూసుకుంటుంది. తలుపు వేసే మనిషి అక్కర్లేదు. ఆకివీడు చెరువులకు లారీలు ఎప్పటిలాగే వెళ్తున్నాయి. నేను మాత్రం ఆ మిషన్ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా చెవులు రిక్కిస్తాను. ఆ చిన్న ఆగడం వినపడదు. ఆమె మీద బెంగ ఒక్కోరోజు అన్నం కూడా తిననివ్వదు.

మొన్నటితో ఆ రెండేళ్ళూ నిండాయి. ఎప్పుడు బయల్దేరుతున్నావని అడుగుదామని శుక్రవారం వీడియో కాల్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆమే ముందు చెప్పేసింది.

"ఇంకో ఏడాది ఉండమంటున్నారండీ. స్లాబైతే పడింది కానండీ, ఇంకా గుమ్మాలూ తలుపులూ ఉన్నాయి కదండీ."

"తలుపులు లేకపోతే పోయాయి, నువ్వొచ్చెయ్."

"తలుపుల్లేని ఇంటికి రమ్మంటారేంటండీ" అని నవ్వింది. అంతలో లోపల్నించి ఎవరో ఏదో కేక వేశారు. ఆమె చెయ్యి చాపి గది తలుపు వేసింది. ఒక్క దెబ్బకి, ఠప్పున.

"అదేంటి, ఆగలేదు?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత, "అదాండీ... ఏసీ చల్లదనం పోద్దని మేడం గారు ఊరుకోరండీ. ఆగడం ఎప్పుడో మానేశాను" అంది.

ఏడాది అన్నప్పుడు ఓర్చుకున్నాను. ఈ మాటకి ఓర్చుకోలేకపోయాను. సిగ్నల్ పోయినట్టు నటించి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు డ్యూటీకి బయల్దేరుతూ తలుపు సగం దాకా లాగి ఆగాను. లోపలికి చూశాను. దండెం మీద నా లుంగీ, గోడవార ఆమె కూర్చునే పీట. పొయ్యి ఆపే ఉంది, ఫ్యాను కట్టేసే ఉంది. బస్సు హారన్ వినపడుతున్నా నిలబడి అన్నీ చూసుకుని, అప్పుడు నెమ్మదిగా వేశాను. ఇప్పుడు రోజూ అలాగే వేస్తున్నాను. ఆమె మర్చిపోయింది కదా, వచ్చాక మళ్ళీ నేర్పడానికి నాకైనా గుర్తుండాలి.